కెమెరాల కుండమార్పిడి

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే తర్వాత గొడవుండదు. ఆసుపత్రి ఎక్స్-రే గదిలో పనిచేసేవాళ్ళు శాంతస్వభావులైతే ఒక్క ఫిలిమూ సరిగా రాదు. కదలొద్దంటే కదులుతారు. మెళ్ళో గొలుసు తీయమంటే తీసి, ఎక్కడ పోతుందోనని గుప్పెట్లో పెట్టుకుని, ఆ గుప్పెటే గుండెకి అదుముకుంటారు. ఊపిరి బిగపట్టమంటే కళ్ళు బిగించి మూస్తారు. "ఊపిరమ్మా, ఊపిరి! కళ్ళు కాదు!" అని నేను లోపల అరిస్తే, వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా ఊపిరి బిగపట్టేస్తారని మా ఆసుపత్రిలో ఒక జోకు.

వారమంతా మనుషుల లోపల చూసీ చూసీ, ఆదివారం వచ్చేసరికి నాకు వాళ్ళ పైపై మొహాలు చూడాలనిపిస్తుంది. అలా పట్టుకుంది ఫొటోల పిచ్చి. ఎవరి పిచ్చి వారికి ఆనందం. నేను మా తమ్ముడింట్లో ఉంటాను. పెళ్ళి కాలేదు. సంబంధాలు వచ్చాయి, పోయాయి, యాభై దాటాక అడిగేవాళ్ళూ మానేశారు. "మా వదినకి అందరి ఎముకలూ కనబడిపోతాయి, ఇంక మనిషెవరు నచ్చుతారు!" అంటుంది మా మరదలు. మంచి పిల్లే, నోరే కాస్త ఎక్కువ. మా ఇంట్లో నోరు లేనివాడు మా తమ్ముడొక్కడే.

ప్రతి ఆదివారం పొద్దున ఒక ప్రెస్సు మేడ మీద గదిలో మేం నలుగురం కలుస్తాం. ప్రెస్సంటే రసీదు పుస్తకాలూ కరపత్రాలూ అచ్చువేసే చిన్న ప్రెస్సు. దాని యజమానిని ప్రెస్సాయన అంటాం. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కయ్యా అంటాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఇంకొకడు పళ్ళ డాక్టరు. నాలుగో మనిషి సర్వేయరు గారు, భూములు కొలిచే ఆఫీసులో ఉద్యోగం. కాగితం కట్టలే మాకు కుర్చీలు. బల్ల మీద ఎవరి కెమెరా వాళ్ళు పెట్టి, టీ తెప్పించుకుని, నాది గొప్పంటే నాది గొప్పని వాదించుకోవడమే మా పని. ఫొటోలు చూడటం ఆ తర్వాత, టైం మిగిలితే.

కాకిపిల్ల కాకికి ముద్దు కదా. పళ్ళ డాక్టరుది ఎప్పుడూ కొత్త కెమెరాయే. కొత్తొక వింత, పాతొక రోత అతనికి. ఉన్నదాన్ని వాడటం చేతనయ్యేలోగా ఇంకోటి దిగుతుంది. "ఇదుందే, కటిక చీకట్లో కూడా పిల్లి కంట్లో రంగు పట్టేస్తుంది" అన్నాడొకసారి.

"మీకు పిల్లుందా?" అని అడిగాను.

లేదట.

ప్రెస్సాయనది రెండు కళ్ళ పెట్టె. ఒక లెన్సు మీద ఇంకో లెన్సు ఉంటుంది. తల వంచి పైనుంచి అద్దంలోకి చూడాలి. బొమ్మ కుడిది ఎడమగా, ఎడమది కుడిగా కనబడుతుంది. "నేనిటు జరిగితే అదటు జరుగుతుంది. అచ్చం మా ఆవిడే" అని వారం వారం చెప్పి, వారం వారం తనే నవ్వుతాడు. అయినా ఆ పెట్టెని మరొకరు తుడవబోతే ఒప్పుకోడు. దానికోసం విడిగా ఒక మెత్తటి గుడ్డ, ఆ గుడ్డకో డబ్బా.

నాది ఎప్పుడో మూతబడ్డ ఒక స్టూడియోలో కొన్నది. ఇనుప ముద్ద. లెన్సు మీద పెట్టే మూత కూడా దాంతో రాలేదు. మెడలో వేసుకు తిరిగితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. నొక్కితే తలుపు పడ్డట్టు ఠప్పున మోత. అయినా దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను. దాన్ని పట్టుకుంటే నా చేతులకి నమ్మకం వస్తుంది.

"నా కెమెరాలో లోపల అద్దం ఉంటుంది. లెన్సు ఏది చూస్తే నేనూ అదే చూస్తాను. దాపరికం లేదు" అన్నాను ఒక ఆదివారం సర్వేయరు గారితో. "మీ చిన్నదాంట్లో అలా కాదుగా. లెన్సు దారి లెన్సుది, మీరు చూసే కిటికీ పక్కన వేరే. ఎవరి చూపు వాళ్ళదే. అదేం కాపురం?"

ఆయన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాక గానీ నోరు విప్పరు.

"నిజమేనండీ" అన్నారు. "కానీ మీదాంట్లో నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. ఆ రెప్పపాటు మీకు చీకటే. సరిగ్గా ఫొటో పడే సమయానికే ఎదుటి మనిషి మీకు కనబడడు. నాదాంట్లో కనబడతాడు."

నా ఇనుప ముద్ద ఎత్తి ఒకసారి నొక్కి చూశాను, నిజంగానే చీకటి. నేను ఎదురు వాదించకపోవడం వింతై, ప్రెస్సాయన టీ గ్లాసు దించి మరీ చూశాడు.

ఆ కెమెరా సర్వేయరు గారి మేనమామది. అరచేతిలో ఇమిడిపోతుంది. నల్లటిది, అంచుల్లో రంగు పోయి ఇత్తడి తేలింది. "చప్పుడు చేయదు, బ్యాటరీ అడగదు, చొక్కా జేబులో పడుంటుంది. నన్ను ఎప్పుడూ విసిగించలేదండీ ఇది" అంటారు. ఏదీ ఇలా ఇవ్వండి, అని తీసుకుని కంటికి పెట్టుకున్నాను. మధ్యలో చిన్న పలక లాంటిది కనబడింది, అందులో ఆయన రెండు రెండుగా ఉన్నారు.

"లెన్సు మెల్లగా తిప్పండి" అన్నారు. "రెండు బొమ్మలూ దగ్గరికొస్తాయి. ఒకటైపోయాయంటే దూరం కుదిరినట్టు. అప్పుడు నొక్కాలి."

తిప్పాను. ఇద్దరు సర్వేయర్లు ఒకరి మీదికి ఒకరు జరిగి ఒక్కరయ్యారు. ఆయన నావైపే చూస్తున్నారు. నేను నొక్కకుండా కెమెరా ఇచ్చేశాను. ఆ రోజే మొదలైంది నాకు. దాచడం దేనికి? ఆదివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచే ఎదురుచూడటం, బుధవారం మధ్యాహ్నం ఎవరి భుజానికో ఎక్స్-రే తీస్తూ "ఆయన ఇప్పుడు ఏ పొలం గట్టున కొలత గొలుసు లాగిస్తున్నారో" అనుకోవడం. ఈ వయసులో ఇదేం పాడు బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే తగ్గుతుందేమోననుకున్నాను గానీ తగ్గలేదు.

ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఆఫీసు దగ్గరే ఒక అద్దె గదిలో ఒక్కరే ఉంటారు. అడ్డు చెప్పేవాళ్ళు ఆయనకీ లేరు, నాకూ లేరు. అడ్డమంతా నా నోరే. "వంకరగా నిలబడకు, సరిగ్గా నిలబడు" అని ఊళ్ళోవాళ్ళందరినీ అదిలించే నోరు, ఆయన ముందు మాత్రం కెమెరాల గురించి తప్ప ఇంకో మాట పలకదు.

పైగా నా దగ్గర ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. నా దగ్గరేంటి, ఎవరి దగ్గరా లేదు. ప్రెస్సు గది గోడకి మా అందరి మొహాలూ ఉన్నాయి, ఆయనది లేదు. ఎప్పుడూ తీసేవారే గానీ, తీయించుకునేవారు కాదు. నేను తీయొచ్చుగా అంటారేమో. నా ఇనుప ముద్ద ఠప్పుమంటే వీధంతా తిరిగి చూస్తుంది. తీశాక ఆదివారం అందరి ముందూ బల్ల మీద పెట్టాలి. ప్రెస్సాయన నోటికి అంతకంటే మేత ఏం కావాలి?

ఇక మా కుండమార్పిడి గురించి చెప్పాలి. ఈ ఇంటి అన్నాచెల్లెళ్ళకి ఆ ఇంటి అన్నాచెల్లెళ్ళని ఇచ్చి పుచ్చుకునే పెళ్ళిళ్ళని కుండమార్పిడి అంటారు కదా. ప్రెస్సాయన ఆ మాట తెచ్చి కెమెరాలకి అంటగట్టాడు. నెలకొకసారి చీటీలు వేసి ఇద్దరిద్దరు కెమెరాలు మార్చుకోవాలి. ఎవరి కెమెరాలో వాళ్ళే కొత్త రీలు వేసి ఇవ్వాలి. తీసుకున్నవాళ్ళు రీలంతా తీసి, రీలు లోపలే ఉంచి తిరిగివ్వాలి. కడిగేది మాత్రం కెమెరా సొంతదారు. "పిల్ల పుట్టింటికొచ్చి చెబితేనే కదా అత్తింటి సంగతులు తెలిసేది!" అంటాడు ప్రెస్సాయన. పళ్ళ డాక్టరు కూడా ఈ సరదా కోసమే ఒక పాత రీలు కెమెరా కొన్నాడు. దానికి రీలు మాత్రం నేనే ఎక్కించాలి.

సర్వేయరు గారి కెమెరా నా వంతుకొచ్చినప్పుడల్లా ఏదో సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. అది చేతికొస్తే నేనేం తీస్తానో నాకు తెలుసు. కడిగేది ఆయనే అనీ తెలుసు.

అలాంటిది, ఒక ఆదివారం టీ తాగాక ఆయన కెమెరాని గుడ్డలో చుట్టుకుంటూ, "నాకు బదిలీ అయిందండీ" అన్నారు. చాలా దూరం. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుందట. ఇదే ఆఖరి బదిలీ, రిటైరయ్యేదాకా ఇంక అక్కడే. వచ్చే ఆదివారం దాటగానే ప్రయాణం.

పళ్ళ డాక్టరు "అయ్యో" అన్నాడు. ప్రెస్సాయన "అయితే పోయేముందు ఒక కుండమార్పిడి జరగాల్సిందే. మూసేసిన బట్టల మిల్లుకి పోదాం, పగలంతా అక్కడే" అన్నాడు. చీటీలు కూడా వేయకుండా తీర్పు చెప్పేశాడు: "అక్కయ్యది సర్వేయరు గారికి, ఆయనది అక్కయ్యకి. ఈసారికి మార్పిడి వీళ్ళిద్దరిదే." నేను ఈసారి ఏ సాకూ చెప్పలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో మరదలికి చెబుతున్నాను, పళ్ళ డాక్టరు ఇలా అన్నాడు, ప్రెస్సాయన అలా అన్నాడు, సర్వేయరు గారు వెళ్ళిపోతున్నానన్నారు అని. ఆమె కూర తరగడం ఆపింది.

"వదినా, అందరూ 'అన్నాడు', ఆయనొక్కరే 'అన్నారు'. ఏంటి కథ?"

"పెద్దాయన కాబట్టి."

"పళ్ళ డాక్టరు ఆయనకంటే పెద్దవాడని నువ్వే చెప్పావుగా!"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను సర్దేసిన గిన్నెలే మళ్ళీ సర్దడం మొదలుపెట్టాను. మరదలు కాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి దగ్గరికొచ్చింది.

"చెప్పెయ్ వదినా. మనిషి వెళ్ళిపోయాక చెప్పడానికి ఏముంటుంది?"

"నాకు నోరు రాదే."

"నీకా! నీకు నోరు రాదా!"

అది నమ్మలేకపోయింది. కానీ నిజంగానే రాదు. అందుకే ఆ వారమంతా ఆలోచించి ఒకటి నిశ్చయించుకున్నాను. నోటితో చెప్పలేనిది రీలుతో చెబుతాను. రీలంతా ఆయన్నే తీస్తాను. గోడ తీయను, కిటికీ తీయను, చెట్టూ పిట్టా ఏదీ తీయను. ఆయన అక్కడికి వెళ్ళి రీలు కడుక్కుని చూసుకుంటారు. మొదటినుంచి చివరిదాకా తన మొహమే ఉంటే, తీసినవాళ్ళ మనసేంటో ఏ మనిషికైనా తెలియదా? అందులోంచి ఒకటి అచ్చు వేసి పంపమని అడుగుతాను. ఆ ఫొటో పంపినా పంపకపోయినా, నాకు జవాబు తెలిసిపోతుంది.

ఆదివారం మిల్లు మెట్ల దగ్గర ఆయన తన కెమెరా నా చేతిలో పెట్టారు. "కొత్త రీలు వేశానండీ" అన్నారు. నా ఇనుప ముద్ద ఆయన మెడలో వేసుకుని, బరువుకి కాస్త ముందుకి వంగారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మిల్లు లోపల పొడవాటి షెడ్డు. పైకప్పు రేకులు కొన్ని ఊడిపోయి, ఎండ చాళ్ళు చాళ్ళుగా కిందికి దిగుతోంది. మగ్గాలు పీకేసిన చోట నేలమీద నూనె మరకలు మిగిలాయి. పళ్ళ డాక్టరు తన కొత్త కెమెరా తెర చూసుకుంటూ ఎటో వెళ్ళిపోయాడు. ప్రెస్సాయన ఒక విరిగిన మెట్టు దగ్గర తల వంచుకుని, దాన్ని కుడికి తెద్దామని ఎడమకి జరుపుతూ ఉండిపోయాడు.

నేను సర్వేయరు గారిని తీశాను. అలవాటు కొద్దీ గోడ పొడవు అంగలతో కొలుస్తున్నప్పుడు తీశాను. కళ్ళజోడు తుడుచుకుంటుంటే తీశాను. ఎండ చాలులో నిలబడి నీళ్ళు తాగుతుంటే తీశాను. ప్రతిసారీ ఆ చిన్న పలకలో ఇద్దర్ని ఒక్కరిగా చేయడం, నొక్కడం. ఆయన చెప్పింది నిజమే, నొక్కిన ఆ రెప్పపాటులో కూడా ఆయన కనబడుతూనే ఉన్నారు. ఒక మనిషిని, ఎవరూ ఏమీ అనుకోకుండా, ఎంతసేపు కావాలంటే అంతసేపు కళ్ళారా చూసుకోవడానికి లోకంలో ఇదొక్కటే సాకు. చెంప మీద చిన్న మచ్చ ఉందని ఆ రోజే తెలిసింది నాకు. ఎడమ కనుబొమ్మ కంటే కుడిది కాస్త పైకి ఉంటుందని తెలిసింది. ఇన్ని ఆదివారాలు ఎదురుగా కూర్చుని ఇవేవీ చూడలేదు, తలెత్తితే కదా!

ఒకసారి ఆయన షెడ్డు ఆ చివర ఉన్నారు, ఇటు తిరిగితే బాగుండునని, "ఏమండీ!" అని పిలిచాను. సర్వేయరు గారూ అనబోయి అలా వచ్చేసింది. ఆయన ఠక్కున తిరిగారు. ప్రెస్సాయన అక్కడినుంచే గొంతు సవరించుకున్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరు ఎవర్ని పిలిచే మాటో నాకు తెలియదా? చెవులు కాలిపోయాయి. కానీ కెమెరా దించలేదు. నొక్కాను.

ఆయన కూడా నా ఇనుప ముద్ద ఎత్తి ఠప్పు ఠప్పున తీస్తూనే ఉన్నారు, నేనున్న వైపే. నా వెనక కిటికీ బాగుందేమో అనుకున్నాను. మధ్యలో ఒకసారి కెమెరా దించి, "ఏమండీ, మీ..." అని ఆగిపోయారు.

"ఏంటండీ?"

"ఏం లేదు. వెలుతురు బాగుంది."

సాయంత్రం ప్రెస్సు మెట్ల మీద ఎవరి కెమెరాలు వాళ్ళు తీసుకున్నాం. ఆయన చేతిలో చేయి పెట్టి చెప్పాలని ఉంది. పక్కన మిగతా ఇద్దరూ ఉన్నారు. "రీలు కడిగాక ఒకటి అచ్చువేసి పంపండి. బాగా వచ్చుంటాయి" అన్నాను. ఆయన కెమెరా వంక చూశారు, నా వంక చూశారు.

"ఆ... బాగా వచ్చుంటాయండీ" అన్నారు.

మర్నాడు వెళ్ళిపోయారు.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పను. ఫోన్ చేయలేదు. ఆయనా చేయలేదు. రీలు చూసుకున్నాక చేస్తారులే అని ఒక రోజు, చూసుకున్నారు కాబట్టే చేయట్లేదని ఇంకో రోజు. ఆసుపత్రిలో ఒక పిల్లాడికి కుడి చేతికి బదులు ఎడమ చేతికి ఎక్స్-రే తీసి, డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. మరదలు ఆ వారమంతా నన్ను ఒక్కసారి కూడా వెక్కిరించలేదు. అందుకు ఇంకా భయమేసింది.

నా రీలు, అంటే ఆయన నా కెమెరాతో తీసిన రీలు, కడగడానికి శనివారం మధ్యాహ్నం దాకా ధైర్యం రాలేదు. ఆసుపత్రికి కంప్యూటర్ మిషన్లు వచ్చాక పాత డార్క్‌రూమ్ మూలబడింది. తాళం నా దగ్గరే ఉంటుంది. చీకట్లో రీలు డబ్బాలోకి ఎక్కించి, మందు పోసి, కుదిపి, కడిగి, తడి ఫిలిం తీసి, ఎక్స్-రేలు చూసే లైటు పెట్టె మీద పరిచాను.

నెగటివ్ చదవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా చూడటమే నా బతుకుతెరువు. మొదటి బొమ్మలో ఒక ఆడమనిషి కంటికి కెమెరా పెట్టుకుని నిలబడి ఉంది. రెండో దాంట్లోనూ ఆమే. మూడోదీ, నాలుగోదీ ఆమే. ఫిలిం మొత్తం లాగి చూశాను. గోడలు లేవు, కిటికీలు లేవు. అంతా నేనే.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. నేనేం చేశానో ఆయనా అదే చేశారు. ఒకే షెడ్డులో, ఒకే పగలు, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం. నవ్వుకున్నాను, ఒక్కదాన్నే, చేతిలో మొహం పెట్టుకుని.

అప్పుడు కనబడింది. ప్రతి బొమ్మలోనూ నా చేతిలోని కెమెరా మధ్యలో గుండ్రంగా, బోసిగా, ఖాళీగా ఒక మచ్చ. లెన్సు అద్దం అయితే అలా ఉండదు, వెలుతురు తగిలి ఎక్కడో ఒక మెరుపు ఉంటుంది. భూతద్దం పెట్టి చూశాను. నెగటివ్‌లో అంత ఖాళీగా ఉందంటే బయట నల్లటి వస్తువై ఉండాలి. నల్లగా, గుండ్రంగా, లెన్సుకి సరిగ్గా సరిపోయేంత.

మూత!

లెన్సు మీద మూత పెట్టి ఉంది. అన్ని బొమ్మల్లోనూ. చివరి బొమ్మలో కెమెరా మెడలో వేలాడుతోంది, నేను టీ తాగుతున్నాను, మూత అలాగే ఉంది. నా ఇనుప ముద్దకైతే మూతే లేదు, ఉన్నా కంటికి చీకటే కనబడుతుంది, వెంటనే తెలిసిపోతుంది. ఆయన దాంట్లో చూసే కిటికీ వేరు. కిటికీలో ఆయన వెలిగిపోతూ కనబడుతుంటే, లెన్సు మూతి కట్టేసి ఉందో లేదో ఎవరు చూస్తారు? పళ్ళ డాక్టరు వైపు గానీ ప్రెస్సాయన వైపు గానీ ఒక్కసారి తిప్పినా, "మూత తీయండి మహాతల్లీ" అని అరిచి ఉండేవాళ్ళు. నేను తిప్పితే కదా! రోజంతా నేను చేసిందేంటి? చీకటిని ఫొటో తీశాను. నేను చెప్పాలనుకున్న మాట ఒక్క ముక్క కూడా ఆ రీల్లో లేదు.

ఆ వెనకే ఇంకోటి తట్టింది. ఆయన చూశారు. రోజంతా నా ఎదురుగానే ఉన్నారు. చూశారు, చెప్పలేదు!

ఒళ్ళు మండిపోయింది. చేతులు కూడా తుడుచుకోకుండా ఫోన్ చేశాను. రెండోసారి మోగగానే ఎత్తారు.

"మూత ఉంది!" అన్నాను. పలకరింపు లేదు, పాడు లేదు.

అవతల కళ్ళజోడు తుడుచుకుంటున్నారేమో.

"ఉందండీ" అన్నారు.

"చూశారా?"

"మొదటి ఫొటోకే చూశాను."

"మరి చెప్పొద్దూ! నోరు లేదా మీకు? ఒక పగలు పగలంతా పిచ్చిదానిలా గెంతాను! దించి, మూత తీసి, మళ్ళీ ఎత్తేదాన్ని కదా!"

"చెబుదామనే అనుకున్నాను. కానీ దించాక మళ్ళీ నావైపే ఎత్తుతారని నమ్మకం లేదండీ. సిగ్గుపడి డాక్టరు గారి వైపు తిప్పేస్తారేమోనని... నా వంక అంతసేపు చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఇంకొంచెంసేపు చూస్తే బాగుండుననిపించింది. స్వార్థమే."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. వెతికాను, దొరకలేదు.

"రీలు కడిగారా?" అన్నాను.

"లేదు."

"ఎలాగూ ఖాళీయేగా."

"ఖాళీయేనని తెలుసు. అయినా కడగబుద్ధి కాలేదు. కెమెరాలోనే ఉంచాను. ఇక్కడ నాకు ఎవరూ తెలియదండీ. ఆఫీసు నుంచి వచ్చాక దాన్ని తీసి కాసేపు దగ్గర పెట్టుకుంటున్నాను. మీరు నన్ను చూసిందంతా అందులోనే ఉందనిపిస్తుంది."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను. "అందులో ఏముంది, నా బొంద! ఏమీ లేదు. నేను చూసింది నా దగ్గరుంది. మీ చెంప మీద మచ్చుంది. మీ కనుబొమలు సమంగా లేవు. ఫొటోలు నాకు అక్కర్లేదు, విన్నారా? మీరు లేకుండా ఆదివారాలు నాకు గడవట్లేదు. నాకు మీరంటే ఇష్టం. చాలా ఇష్టం. ఇది మీ ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాట. చేతకాక, కెమెరా అడ్డం పెట్టుకున్నాను."

డార్క్‌రూమ్ కుళాయి ఒకటి చుక్కలు చుక్కలుగా కారుతోంది. వరండాలో ఎవరో నన్ను పిలుస్తున్నారు, ఎవరికో కాలు విరిగిందట.

"ఉన్నారా?" అన్నాను.

"ఉన్నానండీ."

"ఏదో ఒకటి అనండి మరి!"

"మళ్ళీ చెప్పండి" అన్నారు.

చెప్పిన మాట రెండోసారి చెప్పించుకుంటే నాకు చిరాకని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. మళ్ళీ చెప్పాను. మొదటినుంచీ, నెమ్మదిగా, ఒక్క మాటా వదలకుండా చెప్పాను. అది వింటున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో మాత్రం నాకు తెలియదు.